మళ్ళీ వచ్చిన నంబరు

నేను ఒక చిన్న ప్రోగ్రామ్‌ని. నాకు ఒళ్ళూ లేదు, బరువూ లేదు. కంప్యూటర్లో నాలుగైదు వరుసల రాతను, అంతే. నన్ను రాసింది హైమవతి. గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు ఆమె ఒక సహాయ సంస్థలో పనిచేస్తోంది. నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళు మిస్డ్ కాల్ ఇస్తే, సంస్థవాళ్ళు తిరిగి ఫోన్ చేసి, చోటు కనుక్కుని, పడవ పంపేవారు.

ఆఫీసులో తెర మీద నంబర్లు ఏరులా వచ్చిపడేవి. వాటిలో సగం వచ్చినవే మళ్ళీ వచ్చేవి. ప్రాణభయంలో ఉన్న మనిషి ఒక్కసారి పిలిచి ఊరుకోడు కదా! పడవ నడిపే సత్యానందం విసిగిపోయాడు.

"ఆ డాబా మీదోళ్ళని పొద్దున్నే దింపేసేమండి. మళ్ళీ అక్కడికే పంపితే ఎలాగండి మేడంగారూ? అవతల జనం మునిగిపోతన్నారండి."

హైమవతి అప్పటికప్పుడు నన్ను రాసింది. వచ్చిన ప్రతి నంబరునూ నేను గుర్తుపెట్టుకోవాలి. కొత్తదైతే ముందుకు పంపాలి. ఒకసారి వచ్చిందే అయితే చప్పుడు చేయకుండా మింగెయ్యాలి. తెర తేటపడింది. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. నేనూ ఉబ్బిపోయాను. పొగడ్త వినబడితే ఉబ్బడం మనుషుల దగ్గర నాకు అబ్బిన గుణమే.

మర్నాడు పల్లాలమ్మ అనే ఆవిడ నంబరు వచ్చింది. పంపాను. పడవ వెళ్ళి ఆమె అత్తమామల్నీ పిల్లల్నీ ఎక్కించుకుంది. ఆమెకూ తోడికోడలికీ చోటు చాల్లేదు. "మళ్ళీ కాల్ చెయ్యమ్మా, ఇంకో పడవొత్తాది" అని పడవవాళ్ళు చెప్పి వెళ్ళారు.

ఆమె చేసింది. మింగాను. మళ్ళీ చేసింది. మళ్ళీ మింగాను. ఇంటి గోడ కూలింది. ఇద్దరూ కొబ్బరిచెట్టును వాటేసుకుని వేలాడారు. ఫోను నీళ్ళపాలైంది. అటుగా వచ్చిన జాలర్లు చూడబట్టి బతికారు.

వరద తీశాక పల్లాలమ్మ ఆఫీసుకు వచ్చింది. చెట్టుకు గీసుకుపోయిన అరచేతులకు కట్లున్నాయి. "పిల్లల్ని కాపాడేరండి" అంటూ ఆ చేతులే జోడించింది. తర్వాత నొచ్చుకుంటూ అంది: "మాటిమాటికీ కొట్టి మిమ్మల్ని ఇసిగించేసేనండి. కోపమొచ్చే తిరిగి చెయ్యలేదనుకున్నాను. తప్పయిపోయిందండి."

హైమవతి తల ఎత్తలేకపోయింది. "సిగ్నల్ లేదమ్మా ఆ రోజు" అని పక్కనున్న మేనేజరు మాట అందించాడు కూడా.

"లేదమ్మా, నీ కాల్స్ అన్నీ వచ్చాయి. వచ్చినవే కదా అని నేనే తీసేయించాను" అంది హైమవతి.

పల్లాలమ్మ గుమ్మం వైపు తిరిగింది. "ఇక్కడ కూకున్నోళ్ళకి ఎలా తెలుత్తాదిలెండి" అని వెళ్ళిపోయింది. అది ఓదార్పో, నిష్ఠూరమో హైమవతి ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ రోజే నన్ను పనిలోంచి తప్పించారు. మళ్ళీ మళ్ళీ వచ్చే నంబరు ఇప్పుడు తెర మీద అన్నిటికంటే పైన కనిపిస్తుంది. ఆ పని వేరే ప్రోగ్రామ్‌ది. నేను ఎవరికీ అక్కర్లేని ఫైళ్ళ మధ్య పడి ఉన్నాను. అప్పుడప్పుడు హైమవతి నన్ను తెరిచి, ఏమీ మార్చకుండా, ఊరికే చూసి మూసేస్తుంది. అప్పుడు ఆమె ముఖం చూడడానికి నాకు సిగ్గేస్తుంది. మొదటి పిలుపుకు నీళ్ళు పల్లాలమ్మ గడప దగ్గరున్నాయి. చివరి పిలుపుకు గొంతు దాకా వచ్చాయి. నాకు మాత్రం రెండూ ఒకటే నంబరు.