రెండో చానెల్

ఉతికిన దుప్పటికి చెరో కొసా పట్టుకుని మడతపెడదామని పిలిస్తే, మా ఆయన తన కొసని మోకాలి మీద వేసుకుని రేడియోల జాబితా చదవడం మొదలుపెట్టారు. రేడియో నాకే. నా గ్లైడర్ కాక్‌పిట్‌లో ఉన్న పాతది పోయిన వారం మూగబోయింది. నడిపేది నేను, ఎంచేది ఆయన. ఆయన ఇంతవరకూ దాంట్లో కాలు పెట్టలేదు, తలుచుకుంటేనే కళ్ళు తిరుగుతాయట.

"ఇది చూడు. రెండు చానెళ్ళు ఒకేసారి వింటుంది. ఒకటి మీ క్లబ్బుది, రెండోది మనది."

"మనదేంటి?"

"ఇంటిది," అన్నారు ముచ్చటగా.

క్లబ్బు మైదానం మా వీధి చివరే. నా క్షేమం కోసమని ఆయన ఒక చేతి రేడియో ఇంటికి తెచ్చిపెట్టుకున్నారు. నేను పైకి వెళ్ళిన పావుగంటకి ఆ క్షేమం మొదలవుతుంది. కత్తెర ఎక్కడుంది, పాప మేజోళ్ళెక్కడ, గ్యాస్ వాసనొస్తోంది, ఇది మామూలేనా. అదంతా క్లబ్బు చానెల్లోనే, అందులో అందరం ఉంటాం. ఒకసారి నేను బదులిచ్చేలోపే మా శిక్షకుడు, "బీరువాలో రెండో అరలో చూడండి సార్," అన్నాడు. మా ఇంట్లో కత్తెర ఎక్కడుంటుందో ఆరుగురు పైలట్లకి తెలుసు. మా ఆయనకి తెలియదు.

గ్లైడరంటే ఇంజను లేని విమానం. తాడుతో పైకి లాగి వదిలేస్తే, వేడిగాలి ఎక్కడ లేస్తోందో వెతుక్కుంటూ తిరగాలి. ఐదు గంటలు దిగకుండా తిరిగితే క్లబ్బు బ్యాడ్జి ఇస్తుంది. నిజం చెప్పాలంటే నాకు బ్యాడ్జి కన్నా ఆ ఐదు గంటలే కావాలి. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నన్నెవరూ పిలవకుండా వరసగా ఐదు గంటలు గడిచింది ఒక్కసారే, అదీ మత్తుమందిచ్చి ఆపరేషన్ చేసినప్పుడు. పోయిన నెల మూడు గంటలు దాటాక రేడియోలో ఆయన గొంతు వినిపించింది. "చుట్టాలొచ్చారు. నువ్వేం కంగారుపడకు, ఊరికే చెప్తున్నా." కింద గాలి బ్రహ్మాండంగా లేస్తోంది. నేను దిగిపోయాను. అరగంటలో టీ కాచి ఇచ్చాను. ఇక ఈ ఏటికి మంచి గాలి ఉండేవి రెండు ఆదివారాలే.

రేడియో కొనడానికి నేనే వెళ్ళాను. దుకాణదారు నా వెనక్కి చూసి, "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. రాలేదన్నాను. గ్లైడర్లో ఉండేది చిన్న బ్యాటరీ ఒక్కటే, ఏది ఎంత తాగుతుందో చెప్పమన్నాను. ఎగిరేటప్పుడు వేసుకునే చేతి తొడుగుతోనే మీటలు తిప్పి చూశాను. అప్పటికి అతను నా వెనక్కి చూడటం మానేశాడు. రెండు చానెళ్ళది పెద్ద తెరతో నాలుగు గంటల్లో బ్యాటరీని ఖాళీ చేస్తుందట. ఒక చానెల్‌ది ఎనిమిది గంటలు వస్తుంది.

"గొంతు ఎలా వినిపిస్తుందో చూడండి," అని ఒకటి నా చేతిలో పెట్టి, తను ఇంకొకటి పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. చెవిలో మగగొంతు పలికింది. "మేడమ్, వినిపిస్తోందా?"

"ఆఁ, వస్తున్నా," అన్నాను.

కాసేపు గరగర. తర్వాత అతను, "ఎక్కడికి మేడమ్?" అన్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది, అందులో సగం నవ్వు కాదు. చుట్టాలొచ్చారని ఆయన చెప్పారే గాని, దిగమని ఎవరన్నారు? అంత ఎత్తునుంచి నన్ను చెయ్యిపట్టి లాగే వాళ్ళెవరున్నారు? పిలుపు వినగానే లేచిపోవడం నా కాళ్ళకి అలవాటైపోయింది. ఆకాశంలో కూర్చున్నా సరే లేచిపోతున్నాయి. ఆ జబ్బు ఏ రేడియో కొంటే తగ్గుతుంది?

ఒక చానెల్‌దే కొన్నాను.

ఆయన పెట్టె తెరిచి, అటూ ఇటూ తిప్పి చూశారు. "రెండోది లేదే. నీకేమైనా అయితే?"

"క్లబ్బు వింటుంది."

"మరి మాకేమైనా అయితే?"

"ఏమవుతుంది మీకు?"

ఆయన నిజంగానే ఆలోచించారు. పాపం చాలాసేపు ఆలోచించారు. చివరికి మా అత్తగారే పడక్కుర్చీలోంచి అందించారు. "ఆకలవుతుందమ్మాయ్."

"అవుతుంది అత్తయ్యా," అన్నాను. "ఆదివారం నేను ఐదు గంటలు పైనుంటాను."

"ఊరికే ఉంటావుగా, మధ్యలో ఒకసారి పలుకుతావులే," అన్నారాయన ధీమాగా.

"పలుకుతాను," అన్నాను. అది అబద్ధం కాదు. ఎన్నిసార్లు పిలిచినా పలుకుతాను, ఎంతో మర్యాదగా పలుకుతాను. దిగను.