బస్తా మీద ‘గారు’

బంటుమిల్లిలో రొయ్యల మేత కొట్టు పెట్టి ఇరవై రెండేళ్లయింది. ఒకే బండిలో నలుగురు రైతుల మేత వెళ్తుంది కాబట్టి బస్తాల మీద ఎవరి పేరు వాళ్లకు రాయాలి. ఆ పని నేనెవరికీ వదల్లేదు. ప్రతి పేరు చివరా ‘గారు’ నా చేత్తోనే పడాలి. దానికి ఖర్చేమీ లేదు, రాబడి మాత్రం ఉంది. అలా అనుకునేవాణ్ణి.

మా అమ్మాయి బ్లెస్సీ భాషాశాస్త్రం చదువుతోంది. సెలవుల్లో వచ్చి, కొట్లో అందరినీ అడిగి, వారం రోజులు బల్ల మీద ఫోన్ పెట్టి మాటలు రికార్డు చేసుకుంది. ప్రాజెక్టట. ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక కాగితం నా ముందు పెట్టింది.

“నాన్నా, నాగభూషణరావు గారు నిన్ను ‘ఏరా మోషే’ అని పందొమ్మిది సార్లు పిలిచారు. నువ్వు ఆయన్ని అండీ అన్నది నలభై నాలుగు.”

“ఆయనకు వంద ఎకరాల చెరువులున్నాయమ్మా. పిలిస్తే అరిగిపోతానా?”

“ఆయనకి యాభై రెండు. నీకు అరవై ఒకటి.”

“వ్యాపారంలో వయసు చూడరు.”

బ్లెస్సీ కాగితం తిరగేసింది. “వెంకటస్వామి గారికి అరవై ఆరు. నువ్వు ఆయన్ని ‘ఏరా’ అన్నది ముప్పై ఒక్కసారి.”

వెంకటస్వామి మా కొట్లో బస్తాలు ఎత్తుతాడు. “వాడు మనింటి మనిషి లాంటోడే” అన్నాను.

“నాగభూషణరావు గారిని అడిగితే నీ గురించీ ఆ మాటే చెప్తారు.”

లెక్కలో తప్పు చూపిస్తే ఒప్పుకోవాలి. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. అప్పుడు తను బీరువాలోంచి ఘంటసాల ఊళ్లోని మా ఇంటిస్థలం దస్తావేజు తెచ్చింది. మా తాత కొన్నది. హద్దులు తప్ప నేనేనాడూ చదవలేదు. అమ్మినాయన గారు. సాక్షులిద్దరూ గార్లు. కొన్న మా తాత ‘యోహానుగాడు’.

“రాసినాయనకి ముత్తాత మీద కోపమేం లేదు నాన్నా. అలవాటుగా చెయ్యి రాసుకుంటూ పోయింది, అంతే. మేం వెతికేది అలాంటివే. ఆలోచించకుండా అన్న మాటల్లోనే ఎవరు ఎవరికి ఎంత విలువ కట్టారో బయటపడుతుంది.”

ఆ దస్తావేజు మొదటిసారి చివరిదాకా చదివాను.

సోమవారం కొట్టు తెరవగానే, “వెంకటస్వామి గారూ, బండి వచ్చింది, చూడండి” అన్నాను. అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. తలకు చుట్టిన తువ్వాలు తీసేసి, “ఏం తప్పు చేశానండీ? పన్లోంచి తీసేస్తున్నారా?” అన్నాడు.

“అదేం కాదండీ.”

ఆ అండీతో ఇంకా భయపడ్డట్టున్నాడు. టీ కూడా తాగలేదు.

నాగభూషణరావుతో నోరు విప్పడానికి మాత్రం గురువారం దాకా ఆగాను. ఆయన షెడ్డులో మేత ఆ సాయంత్రంతో అయిపోతుందని నాకు తెలుసు. గుడివాడ నుంచి తెప్పించుకున్నా మర్నాడు గానీ రాదు. ధైర్యం చేయడానికి కూడా రోజు చూసుకోవాలి.

“ఏరా మోషే, ఎనభై బస్తాలు పంపు.”

“మోషే గారు అనండి, పంపుతాను.”

కొట్లో ఉన్న నలుగురూ గోడ మీది రేట్ల పట్టీ చదవడం మొదలుపెట్టారు.

“ఏంట్రా, పొద్దున్నే ఏమైనా తాగావా?”

“టీ తాగానండీ. నేను మీకన్నా తొమ్మిదేళ్లు పెద్ద.”

“మీ నాన్న మా నాన్న ముందు ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు, తెలుసా?”

“తెలుసండీ. అందుకే ఇక్కడ మీకూ నాకూ ఒకే రకం కుర్చీలు వేయించాను.”

“మేత నీ ఒక్కడి దగ్గరే ఉందా?”

“లేదండీ. గుడివాడలో బోలెడుంది. రేపొస్తుంది.”

ఆయన కారు తలుపు విసురుగా వేసుకుని వెళ్లిపోయారు. ఆయన బేరం పోతే నా అమ్మకంలో అయిదో వంతు పోయినట్టే. బల్ల దగ్గరున్న బ్లెస్సీ ముఖం పాలిపోయింది.

“నేను లెక్కపెట్టానంతే నాన్నా. గొడవ పడమన్లేదు.”

“లెక్క చూశాక కూడా ఊరుకుంటే అది వ్యాపారం కాదమ్మా.”

మూడు గంటలకు ఫోన్ మోగింది. ఆయనే.

“మోషే... బస్తాలున్నాయా?”

ఏరా లేదు. గారూ లేదు.

“ఉన్నాయి. పంపుతున్నాను.” నేనూ అండీ కలపలేదు.

రొయ్యలు నన్నేమీ అనలేదు, వాటిని పస్తుంచడం దేనికి? బస్తాల మీద ‘నాగభూషణరావు’ అని రాసి మార్కరు మూత పెట్టేశాను.

“గారు మర్చిపోయారండీ” అన్నారు వెంకటస్వామి.

“మర్చిపోలేదు. ఎంత వచ్చిందో అంతే పంపుతున్నాను. ఎత్తండి వెంకటస్వామి గారూ.”

“ఎత్తుతాను గానీ, మీరలా పిలుస్తుంటే బస్తా బరువెక్కుతోందండీ.”

“అలవాటవుతుంది. నాకూ కొత్తే.”