క్లాక్ ఇవ్వకుండా అడిగితే

"నలభై బోర్డులూ ఖరాబే. గట్లనే రిపోర్టు రాయి, వాపస్ పంపుదాం," అన్నాడు సీనియర్ ప్రోగ్రామర్ శశిధర్.

చాంద్రాయణగుట్టలోని ఆ చిన్న కంపెనీ తూకం యంత్రాలు తయారుచేస్తుంది. వాటి బోర్డులకు సోల్డరింగ్ చేసేది ఫలక్‌నుమాలో ఉండే వైకుంఠం. బోర్డులు వెనక్కి వెళితే ఆయనకు ఇక్కడ ఇక పని ఉండదు. ఆయన అక్కడే, గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు.

"రాయను అన్నా," అంది అతని కింద పనిచేసే ఇంద్రజ. "తప్పు నువ్వు రాసిన డ్రైవర్ ప్రోగ్రామ్‌ల ఉంది. చిప్‌కు పవర్ ఇయ్యలె, దాన్ని నడిపించే క్లాక్ సిగ్నల్ ఇయ్యలె, సీదా పోయి దాని లోపలి రిజిస్టర్‌ల లెక్క చదువుతున్నది. జవాబు రాక మిషిన్ ఆడనే ఆగిపోతుంది."

"నా టేబుల్ మీది బోర్డుల మస్తు నడుస్తుంది గద. నాకే నేర్పిస్తవా?"

"నీ దాంట్ల, మిషిన్ ఆన్ కాంగనే నడిచే పాత బూట్ ప్రోగ్రామ్ ముందే క్లాక్ ఆన్ చేసి పెడుతున్నది. ఈ కొత్త బోర్డులల్ల అది తీసేసినం."

ఆమె డ్రైవర్‌లో ముందు పవర్, తర్వాత క్లాక్, ఆ తర్వాతే చదవడం వచ్చేలా మార్చింది. ఖరాబన్న బోర్డుల అట్టపెట్టె అడుగు నుంచి ఒకటి తీసి, ఆ ప్రోగ్రామ్ ఎక్కించి తూకం యంత్రానికి బిగించింది. తెర మీద సున్నా వెలిగింది. ఇంకో రెండు చూసింది. అవీ నడిచాయి.

శశిధర్ గొంతు తగ్గించాడు. "సరే, లొల్లి ఎందుకు. బోర్డులు రిపేర్ చేయించినమని రాయి."

"రాయి బిడ్డా, ఫికర్ లేదు. నాకు పనుంటే చాలు," అన్నాడు వైకుంఠం.

"నాకు చాలదు బాపూ."

లోపం డ్రైవర్‌ది, బోర్డులది కాదని రాసి, శశిధర్ చూస్తుండగానే ఆమె యజమానికి మెయిల్ పంపింది.