నా దస్తూరీ

"నీ చేతిరాతను కంప్యూటర్లోకి ఎక్కించేస్తే ఇక నీకు హాయి" అన్నాడు ఆయన, నేను అంట్లు తోముతుంటే. వెనక్కి తిరగకుండానే ఊఁ అన్నాను. పెళ్లయిన పదకొండేళ్లలో నా హాయి కోసమని ఆయన తెచ్చిన ప్రతిదాన్నీ తుడిచి, సర్ది, పాడైతే బాగు చేయించింది నేనే. ఊఁ అనడం ఎప్పుడో అలవాటైపోయింది.

మాది చిన్న డిజైన్ షాపు. ఇంటి ముందు గదే షాపు. సబ్బులు, కొవ్వొత్తులు, తేనె అమ్ముకునేవాళ్లకు లేబుళ్లు, పెళ్లిళ్లకు కార్డులు చేస్తాం. వాటి మీద రాత నాది. "అచ్చం చేత్తో రాసినట్టుందండీ" అని మెచ్చుకునేవాళ్లు. చేత్తో రాసిందే మరి. ఆయన పని ఇన్‌స్పిరేషన్. అంటే సోఫాలో వెల్లకిలా పడుకుని, లోకంలో ఉన్న డిజైన్లన్నీ ఫోనులో పైకి తోస్తూ పోవడం. కాఫీ కావాలా అని అడిగినా "ఉండు, ఇన్‌స్పిరేషన్ కోసం చూస్తున్నా" అనేవాడు. నాకు కుక్కరు వంక చూడటంతోనే సరిపోయేది. రోజుకో కొత్త టూలు కూడా పట్టుకొచ్చేవాడు. ఫొటోలో మనిషి వెనకున్నదంతా చెరిపేసేది ఒకటి, బొమ్మలో ఎక్కడ నొక్కితే అక్కడి రంగు పట్టిచ్చేది ఒకటి. పనికొచ్చేవే, కాదనను. తెచ్చింది ఆయన, కూర్చుని నేర్చుకున్నది నేను.

ఈసారి తెచ్చింది చేతిరాతను ఫాంటుగా మార్చే టూలు. గడులు గీసిన కాగితాలు ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పెట్టాడు. గడికో అక్షరం రాయాలి. ఇంగ్లీషుకైతే ఓ అరవై, డెబ్భై గడులతో పోయేది. మనకు గుణింతాలూ ఒత్తులూ కలిపి ఆరువందల పైచిలుకు తేలాయి. "కూర్చుని రాసే పనేగా, ఎండలో నిలబడేది కాదుగా" అంది అత్తయ్య. కుక్కరు కూతకూ కూతకూ మధ్య పన్నెండు రోజులు రాశాను. 'మ' రాస్తుండగా అత్తయ్య లోపలి నుంచి "అమ్మాయ్, నా కళ్లజోడేదీ" అని కేకేసింది. చెయ్యి అదిరి, కొమ్ము చివర చిన్న వంకర పడింది. మళ్లీ రాద్దామనుకుని, కళ్లజోడు వెతకడంలో మర్చిపోయాను.

ఆ ఫాంటుకు ఆయన షాపు పేరే పెట్టాడు. ఇక ఆయన టైపు చేస్తే నా రాత వస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తెలిసిన ఇంకో రెండు షాపులకూ ఇచ్చాడు. మందుల దుకాణం అద్దం మీదా, బడి నోటీసు బోర్డులోనూ నా రాత నాకే ఎదురొచ్చేది, అదే వంకర 'మ'తో. నాకేమీ అనిపించేది కాదు. బాధ కూడా కాదు. బాధైతే ఎవరితోనైనా చెప్పుకునేదాన్ని. నా చేతులు ఖాళీ అయ్యాయి కదా అని షాపు ఫోన్లన్నీ నాకే వచ్చాయి, పార్సిళ్లు కట్టడం నాకే వచ్చింది. బ్రష్షులు ఎక్కడున్నాయో కూడా గుర్తులేదు.

సోమవారం కాగితాల దుకాణంలో మా డ్రాయింగు టీచరు కనిపించారు. బళ్లో నాకు బ్రష్షు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు పిల్లల పుస్తకాలు అచ్చువేసే చిన్న ప్రెస్సు నడుపుతున్నారు.

"నీ ఉత్తరం దాచుకున్నానే" అన్నారు.

"ఏ ఉత్తరమండీ?"

"బాగానే ఉంది. మూణ్ణెల్ల కిందట మీ షాపుకు మెయిల్ పెట్టానా? మా పుస్తకాలకు బొమ్మలూ రాతా నువ్వే చూసుకోవాలి, రమ్మని. నువ్వు కుదరదన్నావు. మామూలు మెసేజైతే మళ్లీ అడిగేదాన్ని. పనిగట్టుకుని చేత్తో రాసి, ఫొటో తీసి పంపావు. ఇంకేం బతిమాలను?"

ఫోను తీసి చూపించారు. లేత పసుపు కాగితం మీద నీలి సిరాతో నా రాత. 'టీచరుగారికి నమస్కారం. నన్ను మరిచిపోనందుకు సంతోషం. కానీ ఇల్లు, అత్తయ్య ఆరోగ్యం, షాపు, వీటితోనే నాకు సమయం చాలడం లేదు. ఇందులోనే తృప్తిగా ఉన్నాను. మన్నించండి.'

నాకు కోపం రాలేదు. నేనే రాసి మర్చిపోయానేమో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అందులోని మాటలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరితోనో నేను అన్నవే. పెళ్లిళ్లలో పలకరించిన చుట్టాలతో అన్నాను, ఫోనులో అమ్మతో అన్నాను. రెండోసారి చదివితే అప్పుడు కనిపించాయి. నాలుగు 'మ'లు, నాలుగింటికీ ఒకే వంకర. మనిషి చెయ్యి నాలుగుసార్లు ఒకేలా అదరదు.

"ఆ పని ఎవరికైనా ఇచ్చేశారా?" అని అడిగాను.

"ఇచ్చాను, ఆ అమ్మాయికి వేరే ఊళ్లో ఉద్యోగమొచ్చి వెళ్లిపోతోంది. శుక్రవారంలోగా ఇంకొకర్ని ఖాయం చేసుకోవాలి. ఏమే, అలా ఉన్నావేం?"

"శుక్రవారం చెప్తానండీ" అన్నాను.

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. "అదా" అన్నాడు, ఫోను మీంచి చూపు ఎత్తకుండా. "నువ్వు రాసినా అదే రాసేదానివిగా. నీకు శ్రమ తప్పించాను."

"నన్ను అడగలేదేం?"

"అడిగితే రెండ్రోజులు తిండి మానేసి ఆలోచించి, చివరికి వద్దనేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

"వాడేం చేసినా నీ మంచికేనమ్మా" అంది అత్తయ్య, మధ్య గదిలోంచి.

అప్పుడు నాకు భయమేసింది. ఆయన చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. అడిగితే వద్దనేదాన్నేమో. కానీ ఆ వద్దనడమైనా నాదై ఉండేది. మూడు రోజులు మామూలుగానే వండాను, పార్సిళ్లు కట్టాను, ఫోనెత్తి "చెప్పండి సార్" అన్నాను.

శుక్రవారం పొద్దున ఆయన షాపు బల్లకు మైకు బిగించాడు. మరో కొత్త టూలు. మనం మాట్లాడింది విని, గొంతు నేర్చుకుని, వచ్చే ఫోన్లన్నిటికీ ఆ గొంతుతో తనే జవాబు చెబుతుందట.

"అరగంట చదివితే చాలు. ఇక నువ్వు ఫోనే ఎత్తక్కర్లేదు."

"ఏం చదవాలి?"

"ఈ కాగితం ఉందిగా. లేకపోతే ఏదైనా ఫరవాలేదు. దానిక్కావలసింది నీ గొంతు, మాటలు కాదు." రికార్డింగు మొదలుపెట్టి, చప్పుడు రాకూడదని తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు.

కాగితం మీద మొదటి వాక్యం 'మీరు చెప్పినట్టే చేస్తామండీ' అని ఉంది. దాన్ని మనసులోనే చదువుకున్నాను. తర్వాత ఫోను తీసి టీచరుగారికి కలిపాను.

"టీచరుగారూ, ఆ ఉత్తరం నేను రాయలేదు. మా ఆయన రాశాడు. నేను వస్తున్నాను. సోమవారం తొమ్మిదింటికి."

"ఇంట్లోవాళ్లేమన్నారే?"

"ఇంకా వినలేదండీ. కాసేపట్లో వింటారు."

ఫోను పెట్టేశాను. భయంగానే ఉంది, కానీ చాలా రోజులకు నాకు ఏదో ఒకటి అనిపించింది. రికార్డింగు ఆపి, ఆ ఫైలును ఆయనకు అలాగే వదిలేసి లేచాను. ఆయన అడిగింది నా గొంతే కదా.