టోపీకి కట్టిన ఎర్రగుడ్డ

న్యూ ఆర్లియన్స్‌లో ఆదివారం వస్తే చాలు, బ్యాండువాళ్లు గుర్రపుబళ్లెక్కి, రాత్రి డాన్సుకి జనాన్ని పిలుస్తూ వీధివీధీ వాయించుకుంటూ తిరిగేవారు. ఆ వాయింపుకి జాజ్ అన్న పేరింకా పడలేదు గాని, పంతాలు మాత్రం అప్పటికే ముదిరాయి. వీధి మొగలో రెండు బళ్లు ఎదురుపడ్డాయా, జనం చక్రానికి చక్రం తాళ్లతో కట్టేసేవారు. ఎవరో ఒకరు ఓడేదాకా కదలడానికి లేదు.

కార్నెట్ అనే చిన్న బాకా ఊదే వాల్సిన్ మాస్టారు, వేరే బ్యాండులో ఊదుతున్న తన శిష్యుడు ఆల్సీద్‌కి ముందే చెప్పుకున్నాడు.

"పెదవి మునుపట్లా లేదురా. నువ్వెదురైతే లేచి నిలబడతాను, అదే గుర్తు. తాళ్లు కట్టేలోపే మెల్లిగా వాయించి నీ దారిన నువ్వు పో. జనానికి తెలియనివ్వకు."

ఆ ఆదివారం మొగలో ఆయన లేచి నిలబడ్డాడు. ఆల్సీద్ చూశాడు. కాని జనం అతని పేరే అరుస్తున్నారు. చూడనట్టు మొహం తిప్పుకుని ఒళ్లు తెలియకుండా ఊదాడు. మాస్టారూ ఊదాడు, పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారేదాకా.

"ఇంటికెళ్లి మనవళ్లని ఆడించుకో తాతా," అన్నారెవరో. ఆల్సీద్‌ని భుజాలకెత్తుకున్నారు.

మర్నాడు మొహం చెల్లకపోయినా మాస్టారింటికి వెళ్లాడు. మాస్టారి భార్య క్లెమాన్సమ్మ ఎర్రచిక్కుడు గింజలూ అన్నమూ పెట్టింది. మాస్టారు వాచిన పెదవితోనే నవ్వాడు.

"నీ కళ్లల్లో ఎండ పడిందిరా. నేను కనబళ్లేదు. అంతేగా?"

నిజం నోటిదాకా వచ్చింది. "అంతే మాస్టారూ," అన్నాడు. అన్నాక తనమీద తనకే అసహ్యం వేసింది.

"చూశావుటే? ఊరికే వాణ్ణి ఆడిపోసుకున్నావు," అన్నాడాయన భార్యతో. ఆవిడ ఇంకో గరిటె వడ్డించింది.

మళ్లీ ఆదివారం, మళ్లీ అదే మొగ. మాస్టారి టోపీకి ఎర్రగుడ్డ కట్టి ఉంది, ఎంత ఎండలోనైనా శిష్యుడికి కనబడాలని. ఆ పెదవి ఇక ఊదడానికి పనికిరాదు కాబట్టి చేతిలో కార్నెట్ బదులు మోగించే తాళాలున్నాయి. ఆయన లేచి నిలబడ్డాడు. జనం తాళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

ఆల్సీద్ కార్నెట్ కింద పెట్టి తనూ లేచి నిలబడ్డాడు.

"ఏంరా, కాళ్లు వణుకుతున్నాయా?" అని జనం ఎగతాళి చేశారు.

"ఆవేళ కూడా కనబడ్డారు మాస్టారూ," అన్నాడు.

ముసలాయన టోపీ తీసి, ముడి విప్పి, ఎర్రగుడ్డ జేబులో పెట్టుకున్నాడు.

"బండి తోలు," అన్నాడు బండివాడితో.