మొగ తెరిచే మాట

లోకనాథం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వేపపుల్ల నములుతున్నాడు. రోజూ తెల్లారగానే ఏటిలోకి దిగి ఇలాగే నిలబడతాడు. పొట్టి మనిషి, వంగిన భుజాలు, ఎప్పుడో వలతాడు కోసుకుపోయి సరిగ్గా ముడుచుకోని కుడిచేతి వేళ్ళు. పిక్కకు ఏదో మెత్తగా తగిలింది. ఆకేమో అనుకుని కాలితో తోశాడు. మళ్ళీ తగిలింది. వంగి చూస్తే చేపపిల్ల, వెల్లకిలా తేలుతోంది. ఒడ్డు పొడుగునా తెల్లగా కనిపిస్తుంటే ఇందాకటి నుంచీ నురగ అనుకుంటున్నాడు. నురగ కాదు.

అన్నీ మాగపిల్లలే. కాశీబుగ్గ హోటళ్ళలో ఇండియన్ సాల్మన్ అని బోర్డు రాసి అమ్మేది ఈ మాగనే. సముద్రంలో పుట్టి, పసితనంలో ఏటిలోకి వచ్చి, కాస్త ఒళ్ళు చేశాక మళ్ళీ సముద్రానికి పోతుంది. ఏరు సముద్రంలో కలిసేచోటు మొగ. ఎండాకాలం వచ్చేసరికి ఆ మొగకు అడ్డంగా ఇసక మేట వేసి పిల్లలు లోపలే చిక్కుకుపోతాయి. అప్పుడు పేటంతా పారలు పట్టుకెళ్ళి ఇసక తవ్వి దారి చేస్తారు. ఏ రోజు తవ్వాలో చెప్పేది లోకనాథం.

ఆయన బతుకులో చెప్పుకోదగ్గది అదొక్కటే. పడవ కొన్నవాడు కాదు, పంచాయితీలో నోరెత్తినవాడు కాదు. పెళ్ళికి పిలిస్తే ఆఖరి పంక్తిలో కూర్చుని తినేసి చెయ్యి కడుక్కుని వచ్చేసే రకం. మొగ తెరిచే మాట మాత్రం తండ్రి నుంచి దక్కింది. ఏటా చైత్రంలో ఆ నాలుగు రోజులూ పేటంతా ఆయన ముఖం వైపు చూసేది. ఆ నాలుగు రోజులూ ఛాతీ కాస్త విరుచుకుని నడిచేవాడు. ఉన్న ఒక్క గొప్ప అదే కదా, పాపం, ఎవరూ ఎగతాళి చేసేవారు కాదు.

మొన్నటికి మొన్న మేనల్లుడు కామేశ్ అడిగాడు. "మావా, నీళ్ళు కాగిపోతన్నాయి. మొగ ఇప్పుడే కొట్టీద్దుమా?"

"నిన్న పుట్టి నాకు సెప్తావేట్రా? అమావాస్య పోటు రానీ. ఒక్క దెబ్బకి తెరుసుకుంటాది."

వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు గొల్లున నవ్వారు. కామేశ్ తల దించుకుని వెళ్ళిపోయాడు. లోకనాథానికి ఆ నవ్వు తియ్యగా ఉండింది. ఇప్పుడది గుర్తొచ్చి వేపపుల్ల ఊసేశాడు.

తండ్రి నేర్పిన లెక్క ఇన్నేళ్ళలో తప్పలేదు. ఏటి నీరు ఎంత కాగినా ఇసకమేట కింద నుంచి సముద్రపు నీరు చల్లగా ఊరేది. ఆ ఊట దగ్గర చేరి పిల్లలు అమావాస్య దాకా ప్రాణాలు నిలుపుకునేవి. ఈ ఏడు సముద్రమే కాగింది. వేటకు పోయే కుర్రాళ్ళు నెల నుంచీ చెబుతూనే ఉన్నారు, చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్ళలా ఉందని. విన్నాడు. విని, వీళ్ళకేం తెలుసులే అనుకున్నాడు.

భార్య కాసులమ్మ గంప పట్టుకుని వచ్చింది. "ఓలమ్మా!" అని గట్టు మీద కూలబడి చచ్చిన పిల్లల్ని గంపలోకి ఎత్తసాగింది.

"ఏటి సేత్తన్నావు?"

"ఎండబెడతాను. కోళ్ళ మేతకి పట్టుకెల్తారు."

"పసిగుడ్డులే అవి. ఒగ్గీ."

"ఒగ్గీస్తే బతికొత్తాయేటి?" అంది. అని, మొగుడి ముఖం చూసి గొంతు తగ్గించింది. "సంద్రం కాగిపోతే నివ్వేటి సేత్తావు? నీ తప్పేటుంది?"

తిట్టినా బాగుండేది. పేటవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, చూశారు, నాలిక చప్పరించారు. పల్లెత్తు మాట అనలేదు ఎవరూ. కామేశ్ దగ్గరకొచ్చి "టీ తాగినావా మావా?" అన్నాడు. లోకనాథం తల తిప్పుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఎవరికీ కనబడకుండా గట్టు వెంట మొగ దాకా నడిచాడు. మేట పక్కనే ఉన్న లోతు మడుగులో కొన్ని ఇంకా బతికే ఉన్నాయి. నోళ్ళు పైకెత్తి గుటకలు వేస్తున్నాయి. సముద్రం వేడిగానే ఉంది, అయినా ఈ మడుగు కంటే నయం. మధ్యాహ్నం సముద్రానికి పోటు వస్తుంది. అమావాస్యకు ఇంకా వారం ఉంది కాబట్టి చిన్న పోటు, బాగా లోతుగా తవ్వితేనే నీరు అందుతుంది. పదిమంది పడితే గంటలో అయ్యే పని. ఈ పూట కాకపోతే సాయంత్రానికి ఇవి కూడా తేలిపోతాయి.

సరుగుడు తోట నీడలో మగవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. లోకనాథం వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళు మాటలు ఆపి జరిగి చోటిచ్చారు. "రా మావా, కూకో." రండ్రా, మొగ కొడదాం. అంతే, తను అనాల్సింది. గొంతు దాకా వచ్చింది. వీళ్ళ ముందే ఆ కుర్రాణ్ణి వెక్కిరించి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగడం?

"పార ఉందేటి కామేశూ?"

"ఎందుకు మావా?"

"పెరట్లో పాదు తవ్వాల."

కామేశ్ పార తెచ్చి ఇచ్చాడు, ఎండగా ఉందని ఓ నీళ్ళ సీసా కూడా. "నాను రానా?"

"ఒద్దురా. సిన్న పనే."

ఇంటి వైపు నాలుగడుగులు వేసి, చెట్లు అడ్డం రాగానే మొగ వైపు తిరిగాడు.

పై ఇసక తవ్వుతుంటే జారి మళ్ళీ గుంటలోకే పడుతోంది. తడి ఇసక దాకా పోతే బరువు. వేళ్ళు పారను పట్టుకోనివ్వడం లేదని తువ్వాలుతో చేతిని కర్రకు కట్టుకున్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఎవరైనా ఇటుగా వస్తే బాగుండునని ఒకసారి అనుకున్నాడు. వస్తే ఏమని చెప్పాలో తోచక, రాకపోతేనే బాగుండునని మళ్ళీ అనుకున్నాడు. ఎడమ భుజంలో సలుపు మొదలైంది. పని చేస్తే నొప్పులుండవా అని ఇంకో పార ఎత్తాడు.

పోటు వచ్చేసరికి జానెడు గట్టు మిగిలింది. దాన్ని సముద్రమే కోసుకుంది. ముందు సన్నటి ధార, తర్వాత కాలవ. నీరు మడుగులో పడగానే మాగపిల్లలు తలలు తిప్పి ధారకు ఎదురు వెళ్ళాయి. లోకనాథం తువ్వాలు ముడి విప్పుకుని ఇసకకుప్పకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఎల్లిపోండి," అన్నాడు వాటితో. "ఎల్లిపోండి తల్లీ."

అన్నం వేళకు మొగుడు రాలేదని కాసులమ్మ వెతుక్కుంటూ తోటలోకి వచ్చింది. పెరట్లో ఎక్కడా పాదు తవ్వలేదని ఆవిడ చెప్పగానే కామేశ్ లేచి పరుగెత్తాడు, వెనకే మిగతావాళ్ళూ. మొగ తెరుచుకుని ఉంది, నీళ్ళు పారుతున్నాయి. కునుకు తీస్తున్నట్టు గడ్డం గుండెకు ఆనించి మావ కూర్చున్నాడు. పట్టుకుని కదిపితే పక్కకు ఒరిగాడు.

"ఒక్క మాట పిలిస్తే పేటంతా ఒచ్చీసీవోళ్ళం గదా మావా!" కామేశ్ ఆయన్ని ఒళ్ళో వేసుకుని పిల్లాడిలా ఏడ్చాడు. "ఒక్క మాట!"

"అడగలేడురా," అంది కాసులమ్మ. ఆవిడకు ఇంకా ఏడుపు రాలేదు. "పెళ్ళిసూపులకి ఎండన పడొచ్చి, మంచినీళ్ళు గావాలని కూడా అడగనేదు."

నలుగురూ కలిసి ఆయన్ని ఎత్తుకుని పేట వైపు నడిచారు. ఇసకకుప్ప పక్కన, నీళ్ళు చల్లబడతాయని ఆయన మూతి దాకా తడి ఇసకలో పాతిపెట్టుకున్న సీసా నిండుగా, మూత బిగించినది బిగించినట్టే ఉంది.