బస్సు లేని బస్సత్త

మందుల దుకాణం మలుపు దగ్గర బస్సత్త అలవాటు కొద్దీ ఆగింది. కవల పిల్లలు ఎక్కే చోటు అది. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. మోకాలి మీద చెయ్యి ఆనించి కాస్త ఊపిరి తీసుకుని, మాస్కు సర్దుకుని మళ్లీ నడిచింది.

ఆమె బడి బస్సులో ఆయా. పిల్లల్ని ఎక్కించడం, దించడం, వాంతి చేసుకున్నవాళ్ల మొహం తుడవడం, కిటికీలోంచి చేతులు బయట పెట్టినవాళ్లను కసరడం ఆమె పని. పిల్లలు బస్సత్త అన్నారు. తల్లిదండ్రులూ, చివరికి హెడ్మాస్టరూ అదే పిలుపు పట్టుకున్నారు. బడులు మూతపడి బస్సు షెడ్డుకు చేరినప్పుడు, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఇక పొరుగూళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానని చెప్పింది. హెడ్మాస్టరు బతిమాలాడు.

"పిల్లల ఇళ్లన్నీ నీకు తెలిసినట్టు మాకెవరికీ తెలీవమ్మా. ఫోన్లో పాఠాలంటే అందరూ తికమకపడుతున్నారు. గాడిలో పడేదాకా ఉండు."

ఆమెకూ టచ్ ఫోను కొత్తే. మొదటిసారి నొక్కినప్పుడు తన గడ్డమే తెరనిండా కనబడి హడలిపోయింది. నేర్చుకుంది. తర్వాత బస్సు తిరిగిన దారంతా కాళ్లతో తిరిగింది. ఒక ఇంట్లో ఫోను కింద పడకుండా ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టింది. ఇంకో ఇంట్లో ఒక్క ఫోను కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములకు రాజీ కుదిర్చింది. వెనక నిలబడి కొడుక్కి జవాబులు అందిస్తున్న తండ్రిని వంటింట్లోకి తరిమింది.

ఇక పిచ్చుక ఒక్కతే మిగిలింది.

బస్సెక్కింది మొదలు దిగేదాకా నోరు మూతపడదని రెండో తరగతి పిల్లకు ఆమే పెట్టిన పేరది. ఆ పిల్ల ఫోను పాఠాల్లో ఒక్కసారీ పలకలేదట. టీచరు ఫోన్ చేస్తే ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరట.

ఇనప మెట్లెక్కి తలుపు తట్టేసరికి పిల్ల తాత తీశాడు. తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనికి పోతుంది. ఫోను పిల్ల కోసం ఇంట్లోనే వదిలి వెళ్తుంది.

"టీచరుగారు ఫోన్ చేస్తే ఎత్తరేం బాబాయ్?"

"ఏది నొక్కితే ఏమవుతుందోనని దాని జోలికే పోనమ్మా. పాఠం ఎగిరిపోయిందంటే మా అమ్మాయి నన్ను కూడా ఉతికేస్తుంది."

"పిల్ల పలకడం లేదట."

తాత మొహం చిన్నబోయింది. "అదే మాట బడి నుంచి మెసేజీ వచ్చిందని మా అమ్మాయి ఈ ఏడాదికి మాన్పించేస్తానంటోంది. రోజూ పలుకుతుందమ్మా ఇది. నా చెవులకే వినబడుతుంటే వాళ్లకెందుకు వినబడదు?"

ఇంతలో పాఠం మొదలైంది. పిచ్చుక మంచం అంచున కూర్చుంది. పైన యూనిఫాం చొక్కా, కింద ఇంట్లో వేసుకునే వెలిసిన గౌను. టీచరు పేర్లు పిలుస్తోంది. తన పేరు రాగానే పిల్ల మెడ నరాలు పొంగేలా అరిచింది.

"ఉన్నాను టీచర్."

టీచరు ఆ పేరే మళ్లీ పిలిచింది. కాసేపు ఆగి, తర్వాతి పేరుకు వెళ్లిపోయింది. పిల్ల తల దించుకుంది.

"చూశావా అత్తా? టీచర్‌కి నా మీద కోపం."

"కోపమెందుకే?"

"మొదటి రోజు తాతయ్య దగ్గుతుంటే మైకు ఆపెయ్యమంది. మైకూ కెమెరా రెండూ ఆపేశాను."

బస్సత్త ఫోను మీదకు వంగింది. తెర అడుగున చిన్న మైకు బొమ్మ, దానికి అడ్డంగా ఎర్ర గీత. పక్కన కెమెరా బొమ్మకూ అదే గీత. ఇన్నాళ్లూ ఈ పిల్ల పలుకుతూనే ఉంది. ఒక్క మాటా ఆ గీత దాటి పోలేదు.

"ముందు మైకు నొక్కు."

"మళ్లీ తిడితే?"

"తిడితే నన్ను తిడుతుంది. నొక్కు."

పిల్ల నొక్కింది. ఈసారి అరవలేదు. "టీచర్... నేనున్నాను" అంది గుసగుసగా.

టీచరు పేర్లు పిలవడం ఆపేసింది. "నువ్వేనా తల్లీ? ఇన్నాళ్లూ ఏమైపోయావు?"

"ఇక్కడే ఉన్నాను టీచర్. రోజూ చెప్తూనే ఉన్నాను."

అంతే, గండి పడింది. ఊడిన పన్ను సంగతి, మెట్ల కింద ఈనిన పిల్లి సంగతి, తాతయ్య దగ్గు సంగతి అన్నీ అయ్యేదాకా టీచరు నవ్వుతూ విన్నది. తాత తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"మా అమ్మాయి రానీ. ఇక మాన్పించే మాట ఎత్తితే ఊరుకోను."

పాఠం అయ్యాక బస్సత్త ఆయనకు ఫోన్ ఎత్తే పచ్చ గుర్తు చూపించి, మెట్ల మధ్యకు దిగి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఆయన ఎత్తాడు.

"ఎవరండీ?"

"నేనే బాబాయ్. మీ మెట్ల మీదున్నాను."

పైనా కిందా ఇద్దరూ నవ్వుకున్నారు.

బడికెళ్లి హెడ్మాస్టరుకు సంగతి చెప్పి, ఇక సెలవిప్పించమంది. ఆయన ఈసారి ఆపలేదు. లేచి నిలబడి చేతులు జోడించాడు. షెడ్డు దగ్గర డ్రైవరు బ్యాటరీ చచ్చిపోకుండా ఇంజను తిప్పుతున్నాడు. ఆమె లోపలికెక్కి తన తుండుగుడ్డా నీళ్ల సీసా సంచీలో వేసుకుంది.

"బస్సు తిరిగే రోజుకైనా రావా అక్కా?"

"మోకాళ్లు రానివ్వవురా. నా చోట్లో ఎవరొచ్చినా, ఏడ్చే పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టమను. ఊరుకుంటారు."

దిగుతూ ఉంటే ఒళ్లు తేలికగా అనిపించింది. ఏ స్టాపులోనూ ఎవరినీ వదిలేసి రాలేదు. చెల్లెలికి ఫోన్ చేసి, రాత్రి భోజనానికి వస్తున్నానని చెప్పి, గేటు దాటి నెమ్మదిగా వెళ్లిపోయింది.

డ్రైవరు ఇంజను ఆపి తలుపు వెయ్యబోతూ కిందకు చూశాడు. ఫుట్‌బోర్డు అందని చిన్నపిల్లల కాళ్ల కింద ఆమె వేసే చెక్కపీట మొదటి సీటు కింద అలాగే ఉంది, చిట్టి బూట్లు ఆనీ ఆనీ నడుమ నున్నగా అరిగిపోయి.